మాట్లాడే పని

"నా మంచమైనా మార్చండి, లేదా అతన్నైనా మార్చండి!" అన్నాడాయన, వార్డు మొత్తానికి వినపడేలా.

ఆయన గొంతే అంత. మామూలుగా మాట్లాడినా చివరి మంచం దాకా వెళ్తుంది. స్నానాలగదిలో జారిపడి కాలు విరగ్గొట్టుకుని వారమైంది. నెలన్నర కాలు కింద పెట్టకూడదన్నారు డాక్టర్లు. దాన్ని ఎలాగో ఓర్చుకున్నాడు గానీ, పక్కమంచం లారీ డ్రైవరును మాత్రం ఓర్చుకోలేకపోయాడు.

ఇంజను దగ్గర మంట లేచి డ్రైవరు చేతులు రెండూ కాలాయి. వేళ్ల నుంచి మోచేతుల దాకా కట్లు. నీళ్లు కావాలంటే "అమ్మో" అంటాడు. వీపు దురదపెడితే "అమ్మో". ముక్కు మీద ఈగ వాలితే "అమ్మో". ఒక్క పూటలో నలభై రెండుసార్లు అన్నాడని ఈయన లెక్క.

"బాధల్లోనే ఓర్పు నేర్చుకోవాలయ్యా," అని ముందు నాలుగు చక్కటి మాటలు చెప్పాడు. అవి అయిపోయాక తిట్టాడు.

సరిగ్గా అప్పుడే వార్డు ఊడ్చే ఆమె వచ్చింది. తిట్లన్నీ విని, నెమ్మదిగా అడిగింది.

"మీరేం పని చేస్తారన్నయ్యా?"

నిజం చెప్పడానికి ముఖం చెల్లలేదు. "మాట్లాడే పనిలే," అన్నాడు.

"ఓ, ఇన్సూరెన్సా!"

పక్కన కూర్చుని నారింజ ఒలుస్తున్న భార్య తలెత్తింది. ఆయన కళ్లతోనే బతిమాలాడు. ఆవిడ ఇలాంటి అవకాశం కోసం ముప్ఫయ్యేళ్లుగా కాచుకుని ఉన్నట్టుంది.

"అలాంటిదేనమ్మా," అంది. "పోయాక పనికొచ్చే పాలసీలు."

ఆ రోజు నుంచి వార్డులో ఆయన పేరు ఇన్సూరెన్సాయన.

ఊడ్చే ఆమె నేల తుడుస్తూ యేసుప్రభువుతో మాట్లాడేది. పక్కింటి పెద్దన్నతో మాట్లాడినట్టే. "యేసయ్యా, ఈ బకెట్టుకు ఒక చెయ్యి వెయ్యి. నాలుగో మంచం తాతకు దగ్గు తగ్గలేదు, చూడు. మా ఆయన మళ్లీ తాగొచ్చాడు. నేనైతే మాట్లాడను, నువ్వే మాట్లాడుకో."

ఇదేం ప్రార్థన, తలా తోకా లేకుండా, అని ఆయన లోలోపల నవ్వుకునేవాడు.

ఆ నవ్వు కూడా ఎన్నాళ్లో నిలవలేదు. నొప్పి తగ్గలేదు. ఫోన్లో పలకరించినవాళ్లంతా ఒకటే పాట: "ఇందులోనూ ఏదో మేలుంటుందండీ." ఆ మాట ఆయనే ఎన్ని వందలమందికి చెప్పి ఉంటాడో! పడుకుని వింటే మాత్రం ఫోను గోడకేసి కొట్టాలనిపించింది.

ఒక మధ్యాహ్నం నర్సు రావడం ఆలస్యమైంది. డ్రైవరు పళ్లెం ముందు పెట్టుకుని బొమ్మలా కూర్చున్నాడు. ఊడ్చే ఆమె కర్ర గోడకు ఆనించి, డ్రైవరు మంచాన్ని ఈడ్చుకొచ్చి ఈయన మంచానికి ఢీకొట్టింది.

"మీకు చేతులున్నాయి. అతనికి కాళ్లున్నాయి. ఇద్దర్నీ కలిపితే ఒక నిండు మనిషి. ఇంకేం కావాలన్నయ్యా?"

ఆయన చెంచా అందుకున్నాడు. మొదటిది గడ్డానికి తగిలింది.

"నోరు ఇంకాస్త పైన బాబాయ్," అన్నాడు డ్రైవరు.

అలా మొదలైంది. ఈయన తినిపించేవాడు, వీపు గోకేవాడు, ఈగలు తోలేవాడు. డ్రైవరు చక్రాలకుర్చీని పొట్టతో నెడుతూ ఈయన్ని కిటికీ దాకా తీసుకెళ్లేవాడు. మలుపులో రెండుసార్లు గోడకు గుద్దాడు కూడా.

"ఒరేయ్, ఇది లారీ కాదురా!"

"హారన్ లేదుగా బాబాయ్, ఏం చెయ్యను?"

డ్రైవరుకు ఒక కూతురు. లోడు దించి ఇంటికెళ్లిన ప్రతిసారీ ఆ పిల్లకు జడ తనే వేస్తాడట. ఆయన ఆ కబుర్లన్నీ చివరిదాకా విన్నాడు. ఎదుటిమనిషి మాట అలా వినడం ఆయనకు కొత్త. ఎప్పుడూ సగంలోనే జవాబు తట్టేసేది.

ఒక ఉదయం డాక్టరు డ్రైవరు కుడిచెయ్యి చూసి పెదవి విరిచాడు. చీము పట్టింది. ఆపరేషన్ చెయ్యాలి. చెయ్యి ఉంటుందో తియ్యాల్సొస్తుందో లోపల చూస్తేగానీ తెలియదు.

డ్రైవరు ఈసారి "అమ్మో" అనలేదు. ఆ మాట కోసం ఆయనే ఎదురుచూశాడు.

"నువ్వు బాగా మాట్లాడతావు గదా బాబాయ్. దేవుడికి నా గురించి ఒక్క మాట చెప్పవా?"

ఆయన గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. పెద్దపెద్ద మాటలు, ఒకదాని మీద ఒకటి దొర్లుకొచ్చాయి.

డ్రైవరు ఒక కన్ను తెరిచాడు. "ఇది నా చెయ్యి గురించేనా బాబాయ్?"

ఆయన ఆగిపోయాడు. చివరి మంచం దాకా వెళ్లే గొంతు పక్కమంచానికి కూడా అందలేదు.

"యేసయ్యా," అన్నాడు చివరికి. "వీడు కూతురికి జడ వెయ్యాలి. నాకు భయంగా ఉంది. నువ్వున్నావా?"

అంతే. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏ జవాబూ వినపడలేదు. కానీ ఎవరో మధ్యలో అడ్డురాకుండా, మొత్తం వింటున్నట్టు అనిపించింది.

ఎప్పుడొచ్చిందో, మంచం దగ్గర నిలబడ్డ ఊడ్చే ఆమె ముక్కు తుడుచుకుంది. "అదీ అన్నయ్యా! ఇప్పుడొచ్చింది దారికి."

చెయ్యి దక్కింది. రెండు వేళ్లు పోయాయి. తెలివొచ్చాక డ్రైవరు కట్టువైపు చూసి, "జడకు మూడు పాయలేగా బాబాయ్, మూడు వేళ్లు చాల్లే," అన్నాడు. ఇద్దరూ నవ్వారు, ఇద్దరూ ఏడ్చారు.

ఇంటికెళ్లే రోజు ఆయన ఊడ్చే ఆమెను పక్కకు పిలిచి, సిగ్గుపడుతూ అడిగాడు.

"ఈ వయసులో నమ్మడం మొదలుపెడితే ఆలస్యమవుతుందంటావా?"

"వయసు చూసేది మీ ఇన్సూరెన్సువాళ్లు, ఆయన కాదు. ఆదివారం చర్చికి వెళ్లండి. కొత్తవాళ్లనేం తరిమెయ్యరు. పాస్టరుగారు చెప్పేది మాత్రం నిద్రపోకుండా వినండి."

భార్య చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుని వరండాలోకి పరుగు తీసింది.

ఆదివారం ఆయన చంకల్లో కర్రలతో చర్చికి వెళ్లి, ఇరవై రెండేళ్లుగా పాస్టరుగా తనెక్కుతున్న వేదికే ఎక్కి, చెప్పబోయే మాటను మొట్టమొదటిసారి నమ్మి, నోరు విప్పాడు.