మూడు షట్టర్లు

“ఏందే, మా ఇల్లేది?” సౌజన్య చేతిలోని ఫోన్‌లో గేమ్‌ను తొంగి చూస్తూ అడిగింది హేమలత.

గేమ్‌లో ఇద్దరూ కలిసి కట్టుకున్న ఊరది. అందులో సౌజన్య ఇంటి ముందర హేమలత పచ్చ ఇల్లుండాలి. ఇప్పుడక్కడ షట్టర్లున్న మూడు దుకాణాలున్నాయి.

“తీసేసిన. ఊకెనే, ఎట్లుంటదో చూద్దామని,” సౌజన్య తలెత్తలేదు.

బాన్సువాడలో హేమలత వాళ్లు కిరాయికుంటున్నది కూడా సౌజన్య ఇంటి ముందు గదుల్లోనే, రోడ్డు వైపు. ఇద్దరూ కూర్చున్నది ఆ గదుల్లో ఒకదాంట్లోనే.

“నిన్న మీ నాయిన మా గోడలకు టేపు పట్టి కొలిసిండు. సున్నమేపిస్త అన్నడు. గిట్ల దుకాణాలు పెట్టనీకేనా?”

సౌజన్య ఫోన్ ఒళ్లో బోర్లించింది.

“నీకెప్పటి సంది ఎరుక?”

“దసరా సంది. మీకు చెప్పొద్దన్నడు నాయిన.”

వంటింట్లోంచి హేమలత వాళ్లమ్మ కేకేసింది: “సౌజన్యా, పోకు బిడ్డా. జొన్న రొట్టెలు చేస్తున్న, తిని పో.”

సౌజన్య గబుక్కున లేచింది. హేమలత చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

“అమ్మకు నేను చెప్త. నువ్వు ముందుగాల గా దుకాణాలు తీసేసి మా ఇల్లు మల్ల పెట్టు.”

“పెడ్త.”

“గా ఊర్లనన్న ఉంటం.”