పెడల్ మీది కాలు

“కాలు తీసీసాను, చూడండమ్మా,” అన్నాడు సింహాచలం కెమెరా తెర మీదికి వంగి.

వీణ వీడియోను మళ్ళీ వెనక్కి తిప్పింది. పెడల్ మీంచి అతని బూటు నెమ్మదిగా లేచింది. ఆ తరవాత, ఎవరూ తొక్కకుండానే, రేకులు నొక్కే ప్రెస్సు మిషను రెండోసారి దిగి, చేతికి బదులు పెట్టిన చెక్కను నుజ్జు చేసింది. కంటికి రెప్పపాటైనది కెమెరాలో నిమిషం సాగింది.

మూడు నెలల కిందట ఫరీదాబాద్‌లోని ఈ ఫ్యాక్టరీ షెడ్డులోనే ఆ మిషను అతని రెండు వేళ్ళు తీసుకుంది. తప్పు అతనిదేనని ఫ్యాక్టరీ రాసింది. ఇన్సూరెన్సువాళ్ళు పట్టుబట్టి, మిషన్ల కదలికను హైస్పీడు కెమెరాతో తీసి పరీక్షించే వీణను పిలిపించారు.

“నానే తొక్కీసాననుకున్నానమ్మా. మా ఇంటిదానికీ అదే చెప్పాను.”

వెనక నిలబడి అంతా చూసిన మేనేజర్ భాటియా గొంతు సవరించుకున్నాడు. “ఈ షూటింగు లైట్ల వేడి భరించలేం. బస్, ఇక చాలు మేడమ్.”

“ఇంకా సేవ్ అవుతోంది సార్. పది నిమిషాలు. ఈలోగా కరెంటు పోతే మొత్తం పోతుంది.”

“అచ్ఛా,” అన్నాడతను. గోడ దగ్గరికి నడిచి మెయిన్ స్విచ్ దించాడు.

తెర నల్లబడింది. కెమెరా బ్యాటరీ వీణ కారులోనే ఉండిపోయింది.

“మళ్ళీ తీద్దాం సార్.”

“మిషను రిపేరుకి వెళ్తోంది.”

అతను వెళ్ళిపోయాడు. సింహాచలం ఎడమచేత్తో ఫోను తీసి, నంబరు నొక్కి వీణకు అందించాడు.

“మా ఇంటిదమ్మా. మీరు చూశారని ఒక్కమాట చెప్పండి. ఇప్పుడు నాను చెబితే నమ్మదు.”