మీకోసమే చూస్తున్నాం

"వచ్చారా? మీకోసమే చూస్తున్నాం, రండమ్మా!"

లా కాలేజీ ఉచిత సలహా కేంద్రం గుమ్మంలో కుట్టుపనావిడ కాళ్ళు ఆగిపోయాయి. ఏ ఆఫీసుకెళ్ళినా "రేపు రా" అనిపించుకోవడమే గానీ, తనకోసం ఎదురుచూసినవాళ్ళను ఆమె ఎరగదు.

గది నిండా లా చదివే పిల్లలు. నల్లకోటు కుర్రాడు లేచి కుర్చీ జరిపాడు. వెనక వరసలో కళ్ళజోడు మాస్టారు గడియారం చూసుకుని తలూపాడు.

"చెప్పండమ్మా, ఏమిటి మీ కష్టం?"

"ఇల్లుగలాయన కోర్టుకెక్కాడు బాబూ. రేపు పదింటికి వాయిదా. నా తరఫున ఎవరూ నిలబడకపోతే మిషనుతో సహా రోడ్డున పడతాను. పదిహేనేళ్ళుగా ఆ గదే నా ఇల్లూ, నా కొట్టూ."

చెబుతుంటేనే కళ్ళనీళ్ళు జారాయి. పిల్లలంతా చకచకా రాసుకున్నారు.

"ఎంత సహజంగా ఉందో చూశారా!" అన్నాడు మాస్టారు పక్కనున్న పంతులమ్మతో.

కుట్టుపనావిడ కళ్ళు తుడుచుకుని సంచీలోంచి కోర్టు నోటీసు తీసింది.

"అబ్బో, కాగితం కూడా తెచ్చారే! స్టాంపు కూడానా!" కుర్రాడు మురిసిపోయాడు. చదవలేదు గానీ, రెండు చేతులా అందుకున్న తీరు మాత్రం చూడముచ్చటగా ఉంది.

"మీరు ధైర్యంగా ఉండండమ్మా. రేపు పదింటికి మీ పక్కన నేనుంటాను. ఆ గదిలోంచి మిమ్మల్ని ఎవరూ కదిలించలేరు."

గది చప్పట్లతో మోగిపోయింది.

"శభాష్! కళ్ళలోకి చూసి మాట్లాడావు. గొంతులో దయ ఉంది," అన్నాడు మాస్టారు.

ఆమెకీ అలాగే అనిపించింది. దేవుడు ఏ రూపంలో వస్తాడో ఎవరికి తెలుసు? ఈసారి నల్లకోటు తొడుక్కుని వచ్చాడు. ఏ కోర్టో చెప్పబోయింది.

"చాలమ్మా, చాలా బాగా చెప్పారు," అంటూ నోటీసు ఆమె చేతిలో పెట్టి, కుర్రాడు గుమ్మందాకా సాగనంపాడు.

చదువుకున్నవాళ్ళు, ఆ మాత్రం తెలీదా అనుకుంటూ ఆమె తేలికపడ్డ మనసుతో మెట్లు దిగింది. సగంలో ఒకావిడ రొప్పుతూ ఎదురొచ్చింది.

"అక్కా, పరీక్ష అయిపోలేదు కదా, ఈ లా పిల్లల ముందు ఇల్లు పోతున్న మనిషిలా ఏడ్చి చూపించడానికి నన్ను కుదుర్చుకున్నారు, బస్సు దొరక్క ఇప్పుడొస్తున్నా!"