తురాయి పక్కన మొలక

బహుమతి కప్పు చంకలో ఇరికించుకుని బావ పరుగున వచ్చి కావలించుకునేసరికి తమ్ముడికి ముచ్చెమటలు పట్టాయి.

“అంతా నీ చలవే బామ్మర్దీ! నువ్విచ్చిన పుంజుకి పుట్టిన పిల్లే కదరా ఇది!”

కోళ్ల ప్రదర్శన అప్పుడే ముగిసింది. హాలంతా కూతలు, ఈకలు. మొదటి బహుమతి రిబ్బను కట్టిన పంజరంలో తెల్లటి కుర్రపుంజు దర్జాగా తిరుగుతోంది. నెత్తిమీద తురాయి అయిదు మొనలతో నిటారుగా ఉంది. వంక పెడదామన్నా దొరకదు. అక్క దాని కాళ్లు తడిగుడ్డతో తుడుస్తోంది. ఎందుకో తమ్ముడి వైపు చూడటం లేదు.

“దీని జాతి పిల్లలు కావాలని పన్నెండుమంది పేర్లు రాయించుకున్నారు,” బావ ఉబ్బితబ్బిబ్బవుతున్నాడు. “దీని అక్కచెల్లెళ్లని రేపే తండ్రి పుంజుతో జోడు కట్టేస్తాను. అందరికీ మాటిచ్చేశాను.”

తమ్ముడికి అసలు సంగతి తెలుసు. ఆ జోడు కడితే పుట్టేవాటిలో సగం అవకరమున్నవే. ఇంత మంచి మనిషి పదిమందిలో నవ్వులపాలవుతాడు. ఇంకా నోరు మూసుకుంటే తనంత నీచుడు ఉండడు.

“కట్టకు బావా.”

“ఏం, కుళ్లా?” నవ్వాడు బావ.

“నీ ఇంట్లో ఉన్నది పనికిరాని పుంజు. దాని తురాయికి పక్కన ఇంకో మొలక ఉండేది. జాతికి పనికిరాదని ఏరి పక్కన పెట్టినదాన్ని, బ్లేడుతో ఆ మొలక కోసేసి, పుండు మానాక నీకిచ్చాను. మేలురకం జోడీ నేనే దాచుకున్నాను. ఏడాదిగా నీ మొహం చూడాలంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను బావా!”

బావ నవ్వు చప్పున ఆరిపోయింది. చంకలోని కప్పు తీసి బల్లమీద పెట్టేశాడు.

“సొంత అక్కమొగుడికా?”

“కొట్టు బావా. పడతాను.”

బావ కొట్టలేదు. పంజరం వైపు అయోమయంగా చూశాడు. “మరి దానికి ఇది ఎలా పుట్టిందిరా?”

“అదే నాకూ అంతు పట్టడం లేదు. దాచుకుని నేను మాత్రం ఏం బావుకున్నాను? నిరుడు పనిమీద పది రోజులు ఊరెళ్లాను. అన్నాళ్లూ నా మేలుపెట్ట ఒక్కటంటే ఒక్క గుడ్డు పెట్టలేదట. వచ్చీ రాగానే ఒళ్లు మండిపోయి, ఇక గొడ్డుపోయిందని ఆ పూటే కోసేశాను.”

అక్క చేతిలోని తడిగుడ్డ కింద పడింది.

“కోసేశావా! ఎవరికో ఇచ్చేశానన్నావు కదరా!”

“అది కోడిపిల్లగా ఉన్నప్పుడు నువ్వు ఒళ్లో పెట్టుకుని పెంచిన పెట్ట కదక్కా. ఏడుస్తావని అబద్ధమాడాను.”

అక్క పంజరం పక్కనే కూలబడింది. రిబ్బను చివర పట్టుకుని నలిపింది.

“నువ్వు పుంజునిచ్చిన రోజే బ్లేడు గాటు చూశాను,” అంది చివరికి. “తోడబుట్టినవాడివి ఇలా చేశావేంటని కడుపు రగిలిపోయింది. మీ బావకి చెప్పలేదు. నువ్వు ఊరెళ్లినప్పుడు నీ కోళ్లకి మేత వేసింది నేనే కదరా...”

కళ్లనీళ్లు బొటబొటా రాలాయి.

“అది రోజూ పెట్టింది తమ్ముడూ. ఆ గుడ్లన్నీ సంచీలో తెచ్చి మా పెట్ట కింద పొదగేసింది నేనే.”