పరగడుపు

"మళ్ల తినకుంట వచ్చినవా తాతా?"

సూది చేతిలో పట్టుకుని కళ్యాణి గట్టిగానే అడిగింది. ల్యాబ్ కుర్చీలో కూర్చున్న సీతయ్య, రబ్బరు కట్టిన చెయ్యి చాపి ఉంచాడు.

"నిన్ననే జెప్పిన గద. ఇది విటమిన్ డి టెస్టు, దీనికి పస్తుండే పనిలేదని. కండ్లు తిరిగి పడితే ఎవరు జవాబుదారి?"

"రక్తం దీసుడంటే పరగడుపే గద బిడ్డా."

"గది వేరే టెస్టులకు. ఫో, ఎదురుంగనే ఇడ్లీబండి. తిన్నంకనే సూది."

రబ్బరు విప్పేసింది. సీతయ్య మోకాళ్లు పట్టుకుని లేచి, మెల్లగా రోడ్డు దాటాడు. తిరిగొచ్చాక మీసానికి అంటిన చట్నీ చూసి నమ్మి, అప్పుడు రక్తం తీసింది. హైదరాబాద్ నుంచి రిపోర్టు రావడానికి నాలుగు రోజులు పడుతుందని చెప్పి పంపింది.

మర్నాడే వచ్చాడు.

"నాలుగు రోజులన్న గద! తిన్నవా?"

"లే."

మళ్లీ బండి దగ్గరికి తరిమింది. ఆ మర్నాడూ అదే తంతు. మూడోనాటికి ఇడ్లీబండి కోటేష్ ముసలాయన్ని చూడగానే ప్లేటు కడగడం మొదలుపెట్టాడు.

రిపోర్టు వచ్చింది.

"తొమ్మిది తాతా. ముప్పై దాటాలె."

"బళ్లె గూడ నాకు మార్కులు గన్నే వస్తుండె."

కళ్యాణికి నవ్వొచ్చింది. "పినపాక అడివిల పుట్టినోనివి, నీకు ఎండ కరువైందేంది?"

"రాత్రంత గోదాం కావలి. పగలు రేకుల రూంల తలుపేసుకొని పండుకుంట. ఎండకు నేను కనవడ, నాకు ఎండ కనవడది."

"ఇంట్ల ఎవరు లేరా?"

"నా ముసల్ది ఎర్రమ్మ ఉండె, పోయినేడు దాక."

కళ్యాణి కాగితం మీద వేలు పెట్టి చూపించింది. "డాక్టరు పొడి రాసిండు. వారానికో పొట్లం, పాలల్ల. రోజు అరగంట ఎండల కూసో. మోకాళ్ల నొప్పులు తగ్గుతయ్, నీ కావలి పని యాడికి పోదు. మూడు నెలలకు మళ్ల టెస్టు."

మోకాళ్ల నొప్పులతో కావలి పని పోతుందన్న భయంతోనే కదా ముసలాయన టెస్టుకొచ్చింది! సంతోషిస్తాడనుకుంది. సీతయ్య ముఖం వాడిపోయింది.

"అంటే మూణ్ణెల్ల దాక ఇటు రావద్దా?"

"ఎందుకు? పనేముంది?"

కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే ల్యాబ్ తాళం తీయబోతే, మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

"ఇయ్యాలేంది తాతా? టెస్టు లేదు, రిపోర్టు లేదు."

సీతయ్య పక్కకు జరిగి దారిచ్చాడు.

"తిన్నవా?" అలవాటుగా అడిగింది.

"లే."

"అయ్యో, తిని రమ్మంటే ఎందుకినవ్ తాతా నువ్వు?"

సీతయ్య తలెత్తాడు.

"తినొస్తే ఒక్కపారి అడిగి ఊకుంటవ్ బిడ్డా. తినకుంటేనే, తినేదాక అడుగుతవ్."