తల ఊపిన పెద్దాయన

“ఆ కుర్చీ తీయొద్దు మేడం. ఆయప్పను ఈడికి పిలిపించండి. నా మొగం చూసి చెప్పమనండి!” అంది వాసవి.

ప్రొద్దుటూరులో కౌన్సెలింగ్ చేసే నందిని దగ్గర ప్రతి శనివారం నలుగురు గుండ్రంగా కూర్చుని మనసులో బాధ చెప్పుకునేవారు. మూడు వారాలుగా ముగ్గురే. లింగాల నుంచి వచ్చే ఆదినారాయణ, వాసవి మాట్లాడుతుండగానే లేచి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

“నువ్వట్ల మాట్లాడితే ఎవరుంటారమ్మా?” అన్నాడు కిరాణా కొట్టు శేషయ్య.

వాసవి ప్రతి వారం చెప్పేది ఒక్కటే ముక్క. “మా మామ పోతే నాకు ఏడుపు రాలే. ఇరవై ఏండ్లకు కంటినిండా నిద్రపోయినా.” అన్నం ముందు ఆ మామ ఆమెను తిట్టని పూట లేదు. మొదటిసారి ఆ మాట విని శేషయ్య “శివశివా” అన్నాడు. ఆదినారాయణ మాత్రం ఆమె మొహంలోకే చూస్తూ తల ఊపాడు. భార్య పోయాక మాటలు మానేశాడని ఇంట్లోవాళ్లు తెచ్చి చేర్చిన మనిషి. పంచాయితీలో పెద్దమనిషి తల ఊపితే తీర్పు అయిపోయినట్టే కదా, మిగతా తలలూ ఊగాయి. శేషయ్యది మరీ గాలివాటం తల.

మామ వయసు మనిషి తప్పు లేదన్నట్టు తల ఊపాడు. వాసవికి అది కొండంత బలం.

“పదిసార్లు ఇన్నోడు పదకొండోసారి లేచిపోతాడా?” అంది.

“విసుగొచ్చిందేమోలే అక్కా,” అంది పక్కనున్న గౌసియా.

“పాపపు మాట ఎన్నిసార్లని ఇంటాడు? మేమూ మొగమాటానికే తల ఊపినాం,” అన్నాడు శేషయ్య.

వాసవికి ఒళ్లు మండింది. “నిన్నటిదాకా లేని పాపం ఈ పొద్దు యాడనుంచి వచ్చింది? నేను లింగాలకు పోతాండా. తప్పయితే ఆయప్ప నోటితోనే అనిపిస్తా. సాక్షిగా నువ్వూ రా శేషయ్యన్నా.”

“రానివాళ్లను వదిలేయాలి వాసవిగారూ,” అంది నందిని. ఆమె వింటేగా.

మర్నాడు పొద్దున లింగాలలో, ఆదినారాయణ వసారాలో మంచం మీద కూర్చునున్నాడు. వాళ్లను చూసి నవ్వాడు. కోడలు హేమలత నీళ్లు తేవడానికి లోపలికి వెళ్లింది.

వాసవి కూర్చోనైనా లేదు. “పెద్దాయనా, మళ్లీ చెప్తాండా. మా మామ పోతే నాకు ఏడుపు రాలే. తప్పయితే తప్పని చెప్పు. నువ్వు తప్పన్నా సరే, నేను ఏడ్చేది లేదు!”

ఆదినారాయణ ఆమె మొహంలోకి చూశాడు. నిదానంగా తల ఊపాడు.

వాసవి కళ్లు నిండాయి. “చూసినావా అన్నా!”

“నేనేమన్నా కాదన్నానా తల్లీ?” శేషయ్య తల అప్పుడే ఊగుతోంది.

హేమలత నీళ్లు తెచ్చింది. వాసవి గటగటా తాగి, నవ్వుతూ అడిగింది. “మరి ఆ పొద్దు మధ్యలో ఎందుకు లేచొచ్చినాడమ్మా మీ మామ?”

హేమలత గూట్లోంచి చిన్న డబ్బా తీసి మూత తెరిచింది.

“ఆ శనివారం ఒక్కపూట పెట్టుకోని తీసిపారేసినాడక్కా, ఈ చెవి మిషన్.”