తాళం లేని దారి

"ఎవరమ్మా నా దారి మూసింది?" ఓనర్ గారు సర్వర్ గది తలుపు తోసుకుని వచ్చేశారు.

సర్వరమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది. సర్వర్ల బాగోగులన్నీ చూసేది ఆమే కాబట్టి ఆఫీసంతా ఆమెను అలాగే పిలుస్తుంది. ఉద్యోగం పర్మినెంటా, ఇంటికా అన్నది సాయంత్రానికి తేలాలి. సంతకం పెట్టాల్సింది ఈయనే!

"మూయలేదు సార్, మెయిల్‌కి తాళం పెట్టా! మీరు పాత దారిలో వచ్చినా సర్వరే తాళం ఉన్న దారిలోకి తోసేస్తుంది. బ్రౌజర్‌లో పైన బుల్లి తాళం బొమ్మ వచ్చింది, చూశారా?"

"చూశాను. తీసెయ్."

"అయ్యో, తాళం లేకపోతే మీ మెయిలు పోస్ట్‌కార్డే సార్! దారిలో ఎవరైనా చదివేస్తారు."

"చదవనీ."

"మరి స్టాఫ్ మెయిళ్ళు?"

"వాళ్ళకి ఉంచు. కావాలంటే రెండేసి తాళాలు వేసుకో. నా ఒక్కడికి మాత్రం తలుపు బార్లా తెరిచి ఉండాలి."

అద్దాల గోడ అవతల, అకౌంట్స్ నుంచి మేడమ్ గొంతు లేచింది. "అమ్మాయ్, మీ సార్‌కి చెప్పు, కాస్త మెల్లగా అరవమని!"

"అమ్మాయ్, మీ మేడమ్‌కి చెప్పు, గొంతు నాదని!"

వాళ్ళిద్దరూ మొగుడూ పెళ్ళాలు. కంపెనీలో చెరిసగం. ఆఫీసు గోడకి ఏ రంగు వేయాలన్న దగ్గర మాటామాటా పెరిగి, మాటలే ఆగిపోయాయి. గోడ సగం పచ్చ, సగం నీలం. మధ్యలో సర్వరమ్మే తపాలా బంట్రోతు. ఆ ఒంటరితనంలోనే మేడమ్ కంప్యూటర్ క్లాసుల్లో చేరిందని ఆఫీసులో చెప్పుకుంటారు.

సర్వరమ్మ తల కొట్టుకుంటూ ఓనర్ గారి కంప్యూటర్‌కి మాత్రం తాళం తీసేసింది. కాసేపటికే ఆయన మెయిలు ఒకటి బయల్దేరింది. గోడకి కొట్టిన బంతిలా తిరిగొచ్చింది: 'అలాంటి చిరునామా లేదు.' ఇంకోటి వెళ్ళింది. అదీ అంతే!

'కొంపదీసి నా సెట్టింగే తగలడిందా?' మెయిలు వెళ్ళిన దారి పొడుగునా వెతుక్కుంటూ పోయింది. సెట్టింగ్ బంగారంలా ఉంది. కానీ మధ్యలో ఇంకో కంప్యూటర్ కాపు కాసి, ఓనర్ గారి మెయిళ్ళన్నీ కాపీ చేసుకుంటోంది. ఎవరిదది?

మేడమ్‌ది!

అదే సమయానికి అకౌంట్స్‌లోంచి కిలకిలా నవ్వు. పద్దులు చూసి పడీపడీ నవ్వే మనిషిని సర్వరమ్మ ఎక్కడా చూడలేదు.

చెబితే కాపురం కూలుతుంది. చెప్పకుండా దొరికిపోతే ఉద్యోగం ఊడుతుంది. దేవుడా అనుకుంటూ ఓనర్ గారి గదిలోకి నడిచింది.

"సార్, మీ మెయిళ్ళన్నీ లేని అడ్రసుకి వెళ్తున్నాయి."

"ఊఁ."

"మధ్యలో మేడమ్ వాటిని పట్టుకుని చదివేస్తున్నారు. నేను చెప్పానని ఆవిడతో అనకండి సార్, మీకు పుణ్యముంటుంది!"

"ఎలా అంటానమ్మా, మాటల్లేవుగా! అన్నీ చదివిందా?"

"ఒక్కటి కూడా వదల్లేదు సార్."

ఓనర్ గారు ఆమె పర్మినెంట్ ఆర్డర్ లాక్కుని బరబరా సంతకం గీకేశారు.

సర్వరమ్మ నోరెళ్ళబెట్టింది. "మరి... ఇప్పుడైనా తాళం వేసెయ్యనా సార్?"

అద్దం అవతల మళ్ళీ నవ్వు. ఓనర్ గారు చెవులదాకా ఎర్రబడ్డారు.

"వద్దమ్మా, అవి ఆవిడకి రాసినవే."